విడిచిపెట్టుటయు హాని చేయుటయేనా?

ధ్యాన భాగములు: ఆదికాండము 2:15, లేవీయకాండము 4:27, 28, యాకోబు 4:17

దేవుడు మొదటి మనుష్యుని ఏదెను తోటలో ఉంచినప్పుడు అతనికి రెండు పనులు అప్పగించెనని ఆదికాండము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ నేలమీద పనిచేయుట ఒకటి. దానిని కాపాడుట రెండవది. మనము సాధారణముగా ఈ రెండింటిని ఒకే మాటగా చదివి ముందుకు పోవుదుము. అయితే ఇవి వేరు వేరు మాటలు. పనిచేయుచు కాపాడనివాడు తోటను పాడుచేయునని అందరికి తెలియును. అడవులను నరికినవారిని గూర్చియు, నదులను మురికిచేసినవారిని గూర్చియు మనము చాల విని యున్నాము. మరి పని మానుకొన్నవాని చేతిలోకూడ తోట పాడగునా? ఎవరును గొడ్డలి ఎత్తకుండగనే, ఎవరును నిప్పు పెట్టకుండగనే, దేవుడు చేసిన ఒక జీవి తన చోటునుండి తొలగిపోవచ్చునా? అట్లు తొలగిపోయినయెడల దాని లెక్క ఎవరు అప్పజెప్పవలెను?

ఈ ప్రశ్నను ఉత్త మాటలతో వాదించుటకంటె ఒక చిన్న జీవి చరిత్రను దగ్గర పెట్టుకొని ఆలోచించుట మేలు. ఆ జీవి జపాను దేశపు కొండ అడవులలో మొలచు ఒక పుట్టగొడుగు.

పేరులోనే తోడు కలదు

పుట్టలమీద గొడుగువలె లేచుట చూచి మన పెద్దలు ఈ జాతికి పుట్టగొడుగు అని పేరు పెట్టిరి. అది ఒంటరిగా బ్రదుకదనియు, చెదల పుట్టతో దానికి పొత్తు కలదనియు ఆ పేరే చెప్పుచున్నది. జపానువారును తమ పుట్టగొడుగునకు దాని తోడును బట్టియే పేరు పెట్టిరి. వారి భాషలో 'మత్సు' అనగా సరళవృక్షము, అనగా పైన్ చెట్టు. 'తాకే' అనగా పుట్టగొడుగు. మత్సుతాకే అనగా పైన్ చెట్టు పుట్టగొడుగు అని అర్థము. అది శరత్కాలమున నేలను చీల్చుకొని వచ్చును. దాని సువాసన జపానువారికి ఎంత ప్రియమనగా, 8వ శతాబ్దమున కూర్చబడిన మన్యోషూ అను పద్యసంపుటములోనే దానిని గూర్చినదని పండితులు ఎంచు పద్యమొకటి గలదు.

మనకు కనబడు గొడుగు దాని ఫలము మాత్రమే. అసలు శరీరము నేలలోపల తెల్లని నూలుపోగులవలె అల్లుకొని, బ్రదికియున్న ఎర్ర పైన్ చెట్టు వేళ్లకొనలను చుట్టుకొని యుండును. ఆ పోగులు మన్నులోని నీటిని, లవణములను చెట్టునకు అందించును. చెట్టు ఎండ సహాయముతో తన ఆకులలో చేసికొన్న చక్కెరలో కొంత భాగము వాటికి ఇచ్చును. చెట్టు చచ్చినయెడల ఈ పుట్టగొడుగునకును అక్కడ బ్రదుకు లేదు. అందుచేతనే వరిగడ్డిమీదను రంపపుపొట్టుమీదను పెంచు పుట్టగొడుగులవలె దీనిని విస్తారముగా పండించి అంగడికి తెచ్చుట నేటివరకు సాధ్యపడలేదు. ధనవంతులైన వ్యాపారులు ఎంత కోరినను ఇది అడవిలోనే మొలవవలెను.

మరియొక విశేషము గలదు. దీనికి బలమైన మన్ను గిట్టదు. ఆకులు రాలి, కుళ్లి, నేల సారవంతమైన చోట ఇతరమైన బూజులును సూక్ష్మజీవులును పెరిగి దీనిని త్రోసివేయును. దీని తోడైన ఎర్ర పైన్ చెట్టును అట్టిదే. దాని మొలకలకు వెలుతురును బోడి నేలయు కావలెను. వెడల్పాకుల చెట్లు క్రమ్ముకొన్నచోట వాటి నీడలో ఆ మొలకలు నిలువజాలవు.

వంటచెరకు ఏరినవారి మేలు

ఆ బోడి నేలను ఎవరు సిద్ధపరచిరి? బీదలైన పల్లెవారే. జపానులో ఊరికిని పెద్దకొండలకును నడుమనుండు అడవిని సతోయమ అందురు. శతాబ్దములపాటు రైతు కుటుంబములు ఆ అడవికి పోయి పొయ్యిలోనికి పుల్లలు ఏరుకొనుచు, పొదలు నరకుకొనుచు వచ్చిరి. పండ్ల దంతెలతో ఆకుచెత్తను లాగి, పోగుచేసి, తట్టలకెత్తుకొని వచ్చి వరిపొలములకు ఎరువుగా వేసిరి. ప్రతి సంవత్సరము ఇట్లు జరుగుటవలన ఆ కొండవాలులమీద మన్ను బలియలేదు, వెలుతురు తగ్గలేదు. పైన్ చెట్లు నిలిచెను. వాటి వేళ్ల దగ్గర మత్సుతాకే నిలిచెను. 1941లో జపాను అడవులనుండి సుమారు 12,000 టన్నుల మత్సుతాకే వచ్చినది.

ఒక సంగతి గమనింపవలెను. ఆ పల్లెవారిలో ఎవరును ఈ పుట్టగొడుగును కాపాడవలెనని దంతె పట్టలేదు. పొయ్యి మండుటకు పట్టిరి, పైరు పండుటకు పట్టిరి. వారి అవసరము తీరుచుండగా, వారికి తెలియకయే, మరియొక జీవి బ్రదుకు సాగినది.

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత, ముఖ్యముగా 1950, 1960 దశాబ్దములలో, కిరసనాయిలును గ్యాసును విద్యుచ్ఛక్తియు పల్లెలకు వచ్చెను. సంచులతో రసాయనపు ఎరువులు వచ్చెను. యౌవనస్థులు పట్టణములలోని కర్మాగారములకు తరలిపోయిరి. పుల్లలకొరకు కొండ ఎక్కవలసిన పని లేకపోయెను. స్త్రీల వీపుమీదనుండి మోపు దిగిపోయెను. ఇందులో దుష్కార్యమేది? ఒక్కటియు లేదు. అయితే ఆ సంవత్సరమునుండి ఆకులు రాలినచోటనే నిలిచిపోయెను. పొదలు పెరిగెను. మన్ను నల్లబడి బలిసెను. పైన్ చెట్లమీద నీడ పడెను. నేలలోని తెల్లని పోగులు సన్నగిల్లెను.

దీనికి తోడు మరియొక కీడు వచ్చినది. మిల్లీమీటరు పొడవైనను లేని ఒక సన్నని నులిపురుగు పైన్ చెట్టులో చొరబడి, నీరు పైకి ఎక్కనీయక, కొన్ని నెలలలోనే దానిని ఎండగొట్టును. అది ఉత్తర అమెరికానుండి కలపతోపాటు ఓడలలో వచ్చినదని ఎంచుదురు. అక్కడి పైన్ చెట్లలో అనేకము దానికి తాళుకొనగలవు. జపాను చెట్లు తాళుకొనలేవు. చెట్లు ఇట్లు చచ్చుట 1905లో నాగసాకి ప్రాంతమున మొదట గుర్తింపబడినను, దానికి కారణము ఈ నులిపురుగేయని 1971లోగాని రుజువు కాలేదు. పొడవైన మీసములు గల ఒక పెంకు పురుగు దీనిని ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు మోయును. చచ్చుచున్న చెట్ల బెరడులోనే ఆ పెంకు పురుగు గ్రుడ్లు పెట్టును. పూర్వమైతే చచ్చిన చెట్టు కనబడగానే ఊరివారు వంటచెరకునకు కొట్టుకొని పోయెడివారు. ఊరివారు రాని అడవిలో చచ్చిన చెట్టు అక్కడనే నిలిచి, తరువాతి వేసవికి మరల పెంకు పురుగులను పంపెను. 1979వ ఒక్క సంవత్సరములోనే సుమారు 24 లక్షల ఘనపు మీటర్ల పైన్ కలప ఈ తెగులువలన నష్టమాయెను. ఆ తరువాత ఆ తెగులు చైనా, కొరియా, పోర్చుగల్ దేశములకును ప్రాకెను.

1941లో సుమారు 12,000 టన్నులు ఇచ్చిన జపాను అడవులు 2019లో 14 టన్నులు మాత్రమే ఇచ్చెను. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము మత్సుతాకేను అపాయస్థితిలోనున్న జీవుల పట్టికలో చేర్చినది. ఇది కొరియా, చైనా, భూటాను దేశములలోను, ఉత్తర యూరపు అడవులలోను గూడ కలదు. ఆ ఉత్తర దేశములలో దానికి వచ్చిన అపాయము వేరు. అక్కడ పాత పైన్ అడవిని ఒక్కసారిగా మొదలంట కొట్టివేయుటవలన అది పోవుచున్నది. అనగా ఒకచోట చేయి మిక్కిలి బరువుగా పడినది; మరియొకచోట చేయి తొలగిపోయినది. నష్టము రెండుచోట్లను ఒక్కటే.

నిందింపదగినవాడెవడు?

చెట్లను కొట్టినవానిని మనము వేలుపెట్టి చూపగలము. జపాను పల్లెవానిని ఏమందుము? సామెతలు 24వ అధ్యాయములో జ్ఞాని ఒక సోమరి పొలము ప్రక్కగా నడచి, ముండ్లు మొలచి గోడ పడిపోయిన ఆ చోటును చూచి బుద్ధి తెచ్చుకొనెను. అయితే ఆ పల్లెవాడు సోమరి కాడు. అతడు కర్మాగారములో పగలంతయు కష్టపడెను. లూకా 10వ అధ్యాయములోని యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిరి. పల్లెవాడో చూడనే లేదు. తన పొయ్యికిని పుట్టగొడుగునకును సంబంధము కలదని అతనికి తెలియదు. అతని తాత చేసిన మేలు ఉద్దేశించి చేసినది కాదు. ఇతని వలన కలిగిన కీడును ఉద్దేశించి చేసినది కాదు. ఆ మేలునకు పొగడ్త లేనియెడల ఈ కీడునకు నింద ఎక్కడిది?

ఇక్కడ లేఖనము మనకు ఒక మార్గము చూపుచున్నది. లేవీయకాండము 4వ అధ్యాయములో తెలియక చేసిన తప్పును గూర్చిన విధి యున్నది. సామాన్య జనులలో ఒకడు పొరబాటున చేయరానిదానిని చేసి, ఆ సంగతి తరువాత అతనికి తెలియజేయబడినప్పుడు, అతడు అర్పణ తీసికొని రావలెను. ఆ ధర్మము ఎంత న్యాయముగా ఉన్నదో చూడుడి. తెలియదు గనుక ఏమియు జరుగలేదని అది చెప్పదు, నష్టము నష్టమే. అయితే అతడు లేచి అర్పణతో బయలుదేరవలసిన గడియ తెలిసిన గడియయే. యాకోబు తన పత్రిక 4వ అధ్యాయము చివర ఇదే సంగతిని మరియొక ప్రక్కనుండి చెప్పుచున్నాడు. మేలైన దేదో ఎరిగిన తరువాత దానిని చేయకుండుటయే పాపమని అతని బోధ. ఇద్దరి బోధలోను కీలకమైనది ఎరుక.

కాబట్టి మన ప్రశ్నకు జవాబు రెండు భాగములుగా ఉన్నది. తెలియక విడిచిపెట్టినప్పుడు కలిగిన హాని దుఃఖింపదగినది. దానికై ఎవనిని దోషియని పిలువరాదు. అయితే ఆకుచెత్తకును, పైన్ చెట్టునకును, తెల్లని పోగులకును గల సంబంధము తెలిసిన తరువాత విడిచిపెట్టుట వేరు. చేతులు అప్పుడును ఇప్పుడును ఊరకయే యుండవచ్చును. కాని ఇప్పుడు ఊరకుండుట ఒక నిర్ణయము. నిర్ణయమునకు లెక్క అప్పజెప్పవలెను.

మూడు ఆక్షేపణలు

మొదటిది: ఇది ధనవంతుల వంటకము కదా, కిలో వేలకొలది రూపాయలు పలుకునది పోయిన దేవుని ప్రజలకేమి? అని యడుగవచ్చును. కొనువారు ధనవంతులైనను ఏరువారు సామాన్యముగా కొండపల్లెల బీదలే. భూటానులోను చైనాలోని యున్నాన్ కొండలలోను ఈ పుట్టగొడుగు అనేక కుటుంబములకు రొక్కము తెచ్చు పంట. అది అట్లుండనిండు, విలువను గూర్చిన లోతైన సంగతి మరియొకటి యున్నది. 1905లో నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు బ్లిట్ తన దేశపు అడవిలోని ఒక పుట్టగొడుగునకు పెట్టిన శాస్త్రీయ నామమునకు ఓకరము పుట్టించునది అని అర్థము. దాని వాసన అట్టిదని అతడు ఎంచెను. సుమారు 2000వ సంవత్సరమున స్వీడను శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలు చేసి చూడగా, అదియు జపానువారి సువాసనగల మత్సుతాకేయు ఒకే జాతియని తేలినది. తరువాత శాస్త్రజ్ఞులు సమ్మతించి జపాను పేరునే నిలిపిరి. ఒకే వాసన కొందరికి జీవపు వాసనయు కొందరికి మరణపు వాసనయు అగునని అపొస్తలుడైన పౌలు 2 కొరింథీయులకు 2వ అధ్యాయములో సువార్తను గూర్చి వ్రాసెను. సృష్టిలోకూడ అట్టిది కలదు. ఒక జీవి విలువను మన ముక్కుగాని మన అంగడిగాని నిర్ణయించినయెడల నార్వేలో దానికి విలువ లేదు, జపానులో ఉన్నది. అయితే యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు మనుష్యులు లేని అరణ్యముమీద కూడ తాను వర్షము కురిపించుచున్నానని చెప్పెను. మన కోరికకు ముందే ఆయన దానిని ఎరిగియుండెను.

రెండవది: అయితే ఆ స్త్రీలు మరల మోపులు మోయవలెనా? పల్లెలు మరల పొగలో వండుకొనవలెనా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అడవి అందముకొరకు బీదవాడు బీదవాడుగానే ఉండవలెనని కోరుట ప్రేమ కాదు. భారమును దించువాడైన క్రీస్తు పేరట ఎవరి వీపుమీదను ఆ మోపును తిరిగి పెట్టరాదు. అయితే ఇక్కడ ఒక భేదమున్నది. ఆ మోపును అవసరము మోయించెను. అవసరము తీరినది, మంచిదే. అవసరము మోయించిన పనిని ఇప్పుడు ప్రేమ చేయవలసి యున్నది. అప్పుడు బీదవారు ఒక్కరే చేసినదానిని ఇప్పుడు సుఖముగా నున్నవారును భాగము పంచుకొని చేయవలెను. గ్యాసు వలన మిగిలిన గడియలలో ఒక గడియను కొండకు ఇచ్చుట బానిసత్వము కాదు, కృతజ్ఞత.

మూడవది: పైన్ చెట్లు పోయినచోట వేరు చెట్లు పెరుగుచున్నవి కదా, అదియు దేవుని అడవి కాదా? ఔను, అదియు దేవుని అడవియే. దానిలోను పక్షులు గూళ్లు కట్టుకొనును. ప్రతి కొండను మరల పైన్ కొండగా చేయుట సాధ్యమును కాదు, అవసరమును కాదు. అయితే శతాబ్దములుగా చెట్టును, పుట్టగొడుగును, మనుష్యుడును కలిసి బ్రదికిన ఒక పొత్తు ఎక్కడను మిగులకుండ పోవుట వేరు సంగతి. అన్నిచోట్ల కాకపోయినను కొన్నిచోట్లనైనను దానిని నిలుపుటకు మనకు తెలివియు తీరికయు ఇయ్యబడినవి. అన్నియు చేయలేము గనుక ఏదియు చేయనక్కరలేదను మాట, ఒక్క తలాంతు పొందినవాడు దానిని మన్నులో కప్పిపెట్టి చెప్పిన మాటకు దగ్గరగా ఉన్నది.

అదే దంతె హాని కూడ చేయును

అయితే చేయి వేయుట మాత్రమే చాలునని అనుకొనరాదు. అమెరికాలోని ఒరిగాన్ రాష్ట్రపు అడవులలో మత్సుతాకేకు దగ్గరి బంధువైన తెల్లని పుట్టగొడుగు ఒకటి మొలచును. అక్కడ కొందరు బయటికి ఇంకను కనబడని లేత మొగ్గలను వెదకుటకు దంతెలతో నేలను లోతుగా గోకుదురు. అక్కడి పరిశోధకులు సుమారు పది సంవత్సరములు ఆ చోట్లను పరిశీలించిరి. చేతితో మెల్లగా తీసికొన్నచోట పంట తగ్గలేదు. లోతుగా గోకి, లాగిన చెత్తను తిరిగి కప్పక విడిచినచోట పంట పడిపోయి అనేక సంవత్సరములు కోలుకొనలేదు. జపాను కొండలో మేలుచేసిన దంతెయే ఇక్కడ కీడు చేసెను. ఒకచోట అది ఏటేట పైపై చెత్తను తీసెను. మరియొకచోట పోగులనే తెంచి ఎండబెట్టెను.

లూకా 13వ అధ్యాయములోని తోటమాలి ఫలింపని అంజూరపు చెట్టుచుట్టు త్రవ్వి ఎరువు వేయుటకు ఒక సంవత్సరము గడువు వేడుకొనెను. ఆ చెట్టునకు ఎరువు వేయుట ప్రేమ. మత్సుతాకేకు ఎరువును తీసివేయుట ప్రేమ. దేని అవసరము ఏదో కూర్చుండి నేర్చుకొనకుండ చేయు సహాయము అనేకసారులు మన తృప్తికొరకే అగును. ఆదికాండములోని రెండు మాటలు ఎందుకు కలిసి యున్నవో ఇక్కడ తెలియుచున్నది. కాపాడు కన్ను లేని పనిచేయు చేయి ఒరిగాన్ దంతె వంటిది. పనిచేయు చేయి లేని కన్ను, కొండక్రింద నిలిచి, అయ్యో అడవి మారిపోయెనని నిట్టూర్చువాని కన్ను.

వృద్ధి కలుగజేయువాడు

నేడు జపానులో, క్యోటో పరిసరములలోను ఇతర ప్రాంతములలోను, స్వచ్ఛందముగా పనిచేయువారు కొందరు సెలవుదినములలో కూడి కొండ ఎక్కుచున్నారు. వారిలో తల నెరసినవారు చాలమంది. వారు పొదలు నరకి, చచ్చిన పైన్ చెట్లను తొలగించి, బలిసిన నల్లని మన్నును వాలునుండి లాగివేసి, పైన్ మొక్కలు మొలచుటకు చోటు చేయుచున్నారు. పైన్ చెట్టు వేళ్లలో మత్సుతాకే ఫలించుటకు సామాన్యముగా ఇరువది ముప్పది సంవత్సరముల వయసు రావలెను. డెబ్బది యేండ్లవాడు నేడు చోటు చేసిన మొక్క క్రింద పుట్టగొడుగును అతడు చూచునని ఎవరును పూచీపడలేరు. ఆ పోగులను ఎవరును బలవంతముగా మొలపింపలేరు. చోటు మాత్రము సిద్ధపరచగలరు.

సేవచేయు ప్రతివానికి ఇది తెలిసిన స్థితియే. ఒకడు నాటును, ఒకడు నీరు పోయును, వృద్ధి కలుగజేయుట దేవునిదని పౌలు కొరింథీ సంఘమునకు బోధించెను. ఆ బోధను మనము విశ్రాంతికి సాకుగా వాడుకొనుచున్నాము. వృద్ధి దేవునిది గనుక నాటనక్కరలేదని పౌలు చెప్పలేదు. ఫలము మన చేతిలో లేదు గనుక నమ్మకముగా పనిచేయవలెనని చెప్పెను.

ప్రియ సహోదరీ సహోదరులారా, మన సంఘ జీవితములో కొన్ని సంగతులు శత్రువులవలన నశింపలేదు. బుధవారపు ప్రార్థన కూడికను ఎవరును నిషేధింపలేదు. రెండు కుటుంబములు దూరపు వీధికి మారెను, దీపము వెలిగించువాడు పట్టణమునకు పోయెను, అంతే. సండేస్కూలును ఎవరును మూయలేదు. బోధించు అక్క వృద్ధురాలాయెను, ఆమె పనిని ఎవరును అందుకొనలేదు. మంచమునంటియున్న విధవరాలిని చూచుటకు ఎవరును నిరాకరింపలేదు. పూర్వము నీళ్లకు పోవుచు ఆమె గడపలో కూర్చుండి పలుకరించిన స్త్రీలకు ఇప్పుడు ఇంటిలోనే కుళాయి వచ్చినది. కుళాయి దేవుని దయ. కాని ఆమెకు ఆ పలుకరింపు లేకపోయెను. ఇందులో దోషులు ఎవరని వెదకుట వ్యర్థము. ఎవరికిని తెలియకుండగనే జరిగినది. అయితే చదువుచున్న మీకు ఇప్పుడు తెలిసినది.

కావున ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక సాయంకాలము కలిసి కూర్చుండి, మన చేయి తొలగుటవలన ఎండిపోవుచున్నది ఏదైనను కలదా అని దేవుని సన్నిధిని విచారించునుగాక. అది ఒక చెట్టు కావచ్చును, ఒక కూడిక కావచ్చును, ఒక మనుష్యుడు కావచ్చును. దానికి ఏమి కావలెనో మొదట తెలిసికొనుడి. ఎరువు వేయవలెనో, తీసివేయవలెనో విచారింపకుండ చేయి పెట్టకుడి. తెలిసికొన్న తరువాత ఆలస్యము చేయకుడి.

ప్రార్థన: సమస్తమును కలుగజేసిన తండ్రీ, మేము ఎరుగక విడిచినవాటిని బట్టి మాకు దుఃఖపడు హృదయమును, ఎరిగి విడిచినవాటిని బట్టి మాకు క్షమాపణను దయచేయుము. నీవు మా చేతికి అప్పగించినదాని అవసరమును గ్రహించు బుద్ధి నిమ్ము. ఫలము మేము చూడకపోయినను చోటు సిద్ధపరచు ఓర్పు నిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.